చల్లగా ఉంది కదా అని: డీఎంఎఫ్‌లో సోడియం హైడ్రైడ్, ఒక కేస్ స్టడీ

ఉదయం 11:40. బబ్లర్‌లో, అంటే బయటికి పోయే వాయువు బుడగలుగా కనబడే నూనె సీసాలో, బుడగలు ఆగాయి. రియాక్టర్ లోపల 3 డిగ్రీలు. బ్యాచ్ రికార్డులో ఆ సమయానికి ఎదురుగా “హైడ్రోజన్ రావడం ఆగింది, అంతా మామూలే” అని ఉంది. రాసింది షిఫ్ట్ కెమిస్ట్. పక్కన సరిచూసిన సంతకం మాత్రం నాది.

మూడున్నర గంటల తర్వాత అదే బబ్లర్ తన లోపలి నూనెనంతా ఫ్యూమ్ హుడ్ (వాయువులను బయటికి లాగేసే గూడు) అద్దం మీదికి ఉమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ పగల్లేదు, మంట రాలేదు. బయటివాళ్లకు చెబితే “ఇంతేనా” అంటారు. కానీ ఆ రోజు రియాక్టర్ 20 లీటర్లది కాకుండా 2000 లీటర్లది అయి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకున్నాక నాకు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. దాని వెనకున్న 20 లీటర్ల లెక్క ఇక్కడ రాస్తున్నాను.

బ్యాచ్

నాది ప్రాసెస్ డెవలప్‌మెంట్. గ్రాముల్లో పుట్టిన పద్ధతిని కిలోల్లోకి తీసుకెళ్లడం మా పని. మా చేతికి వచ్చిన పద్ధతి చూడటానికి చాలా మామూలుది: క్లోరోకార్బజోల్‌లోని నైట్రోజన్ మీదున్న హైడ్రోజన్‌ను సోడియం హైడ్రైడ్‌తో లాగేసి, ఆ స్థానంలో బెంజైల్ బ్రోమైడ్ నుంచి బెంజైల్ గుంపును తగిలించాలి. ద్రావకం డీఎంఎఫ్, అంటే డైమిథైల్ ఫార్మమైడ్. 10 గ్రాముల స్థాయిలో డజనుకు పైగా సార్లు చేశారు, ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

కిలో ల్యాబ్‌లో వేసిన బ్యాచ్ ఇది. క్లోరోకార్బజోల్ 1 కిలో, అంటే 4.96 మోల్. డీఎంఎఫ్ 6 లీటర్లు. ఖనిజ నూనెలో 60 శాతం ఉండే సోడియం హైడ్రైడ్ 298 గ్రాములు, అంటే అసలు హైడ్రైడ్ 7.44 మోల్, అవసరానికి ఒకటిన్నర రెట్లు. ఈ ఒకటిన్నర ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చెబుతాను, దానికో కథ ఉంది. పద్ధతి ప్రకారం 0–5 డిగ్రీల మధ్య హైడ్రైడ్‌ను గంటలో పది వాయిదాలుగా వేసి, 20–25 డిగ్రీలకు తీసుకొచ్చి గంటసేపు తిప్పి, మళ్లీ చల్లార్చి, బెంజైల్ బ్రోమైడ్‌ను చుక్కలుగా వదలాలి.

ఆ రోజు హైడ్రైడ్ వేయడం సాఫీగానే అయింది. ఉష్ణోగ్రత 5 దాటలేదు. అందరం సంతోషించాం. ఇప్పుడు వెనక్కి చూస్తే మేం భయపడాల్సింది సరిగ్గా అప్పుడే.

ఈ బేస్ (క్షారం) సంగతి

సోడియం హైడ్రైడ్ తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగుతాను. కరిగిన సోడియం మీదికి హైడ్రోజన్‌ను పంపి తయారుచేస్తారు. ఉప్పు స్ఫటికంలో క్లోరైడ్ ఉన్న చోట హైడ్రైడ్ అయాన్‌ను ఊహించుకోండి, అదే నిర్మాణం. శుద్ధంగా ఉంటే తెలుపు, బజారులో దొరికేది బూడిద రంగు. ఏ సేంద్రియ ద్రావకంలోనూ కరగదు. ద్రావకంలో రేణువులుగా తేలుతూ, తన ఉపరితలం మీదే పనంతా చేస్తుంది. ఈ కేసంతా ఆ ఒక్క గుణం చుట్టూనే తిరుగుతుంది.

దాని బలం గురించి కెమిస్టులు మాట్లాడేటప్పుడు హైడ్రోజన్ పీకేఏ దాదాపు 35 అని చెప్పుకుంటారు. పీకేఏ అంటే ఒక అణువు తన ప్రోటాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె. కార్బజోల్ పీకేఏ డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో 20 దగ్గర. మధ్యలో పదిహేను అంకెల తేడా, అంటే పదిహేను సున్నాల తేడా. దానికి తోడు ప్రోటాన్‌ను లాక్కున్న హైడ్రైడ్ హైడ్రోజన్ వాయువై ఎగిరిపోతుంది, కాబట్టి చర్య వెనక్కి తిరిగే దారే ఉండదు. ఆల్కహాల్, ఫినాల్, థయాల్, అమైడ్, పైరజోల్, ఇండోల్, రెండు కార్బొనిల్‌ల మధ్య ఇరుక్కున్న కార్బన్, హార్నర్ వాడ్స్‌వర్త్ ఎమ్మన్స్ చర్యలోని ఫాస్ఫొనేట్, అన్నిటి దగ్గరా ఇది పనికొస్తుంది. అణువు మీద తానుగా దాడిచేసే గుణం తక్కువ, చేసేది ప్రోటాన్ లాగడమే అని పాఠాల్లో చెబుతారు. చాలావరకు నిజం. పూర్తిగా నిజం కాదని మాకు ఆ సాయంత్రం తెలిసింది.

ప్రమాదాల విషయానికొస్తే అందరికీ తెలిసినది నీళ్లు. ఒక చుక్క తగిలినా హైడ్రోజన్, వేడి రెండూ ఒకేసారి వస్తాయి, ఆ వేడికి ఆ హైడ్రోజనే అంటుకుంటుంది. హైడ్రోజన్‌కు గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా మండే శక్తి ఉంది. అంటుకోవడానికి కావలసిన నిప్పురవ్వ శక్తి 0.02 మిల్లీజౌల్ చాలు, మనిషి ఒంటి మీద పేరుకున్న స్థిర విద్యుత్తు దానికి ఎన్నో రెట్లు. అందుకే రవాణా నిబంధనల్లో దీనికి ఐక్యరాజ్య సమితి సంఖ్య 1427, తరగతి 4.3, అంటే నీటితో కలిస్తే మండే వాయువునిచ్చే పదార్థం. మంట వస్తే నీళ్లు, కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్ రెండూ నిషిద్ధం. పొడి ఇసుక, లేదా లోహాల మంటల కోసం ఉండే డి తరగతి పొడి.

ఈ మాటలన్నీ మా గోడ మీద అతికించి ఉన్నాయి. మేమంతా చదివినవే. నీటి గురించి మా భయం ఎంత పక్కాగా ఉండేదంటే, డీఎంఎఫ్‌లో తేమ ఎంతుందో రెండుసార్లు కొలిచాం. ఆ డీఎంఎఫ్ గురించే ఎవరూ భయపడలేదు.

ఆ ఇరవై నిమిషాలు

హైడ్రైడ్ వేయడం అయ్యాక బెంజైల్ బ్రోమైడ్ నింపాల్సిన డ్రాపింగ్ ఫన్నెల్ జాయింట్ కారుతోందని ఆపరేటర్ గమనించాడు. బెంజైల్ బ్రోమైడ్ కళ్లలో నీళ్లు తెప్పించే సరుకు, దాన్ని కారే ఫన్నెల్‌లో పోయడం కుదరదు. కొత్త ఫన్నెల్ తెచ్చి, ఆరబెట్టి, బిగించి, నైట్రోజన్‌తో శుభ్రం చేసేసరికి 2 గంటల 40 నిమిషాలు. అంతసేపూ రియాక్టర్ 3 డిగ్రీల దగ్గరే తిరుగుతోంది. “చల్లగానే ఉంది కదా సార్, ఏం కాదు” అన్నాడు షిఫ్ట్ కెమిస్ట్. నేనూ తల ఊపాను.

14:20కి జాకెట్‌ను, అంటే రియాక్టర్ చుట్టూ నూనె తిరిగే తొడుగును, 30 డిగ్రీలకు పెట్టాం. 15:10కి లోపల 18 డిగ్రీలు. అంతవరకు ఉష్ణోగ్రత గీత జాకెట్ వెనకాలే బుద్ధిగా నడిచింది.

15:12కి బబ్లర్ మళ్లీ మొదలైంది. మొదట ఒక్కో బుడగ, తర్వాత గొలుసుగా, ఆ తర్వాత బుడగ అనడానికి వీల్లేకుండా నూనె మొత్తం ఉడుకుతున్నట్టు. రియాక్టర్‌లో బూడిద రంగు నురగ పైకి లేస్తోంది. 15:18కి 27 డిగ్రీలు. మరుసటి నిమిషంలో జాకెట్‌ను మైనస్ 15కి మార్చాం. ఇక్కడే అందరూ మరిచిపోయే విషయం ఒకటుంది: మీటర్ మీద అంకె మార్చినంత మాత్రాన జాకెట్ చల్లబడదు. గొట్టాల్లో ఉన్న వెచ్చని నూనె తిరిగి, సర్క్యులేటర్ దాన్ని లాగి, సున్నా కిందికి తేవడానికి పావుగంట. ఆ పావుగంటా రియాక్టర్ తన సొంత వేడి మీదే నడిచింది.

15:24కి 36. “సార్, బబ్లర్ ఉమ్మేస్తోంది” అని ఆపరేటర్ కేకేశాడు. ఆయన చేసిన మంచి పనేమిటంటే దాన్ని ముట్టుకోలేదు, గొట్టం పీకలేదు, హుడ్ అద్దం కిందికి దించి వెనక్కి జరిగాడు. 36 దగ్గర ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. నురగ తగ్గింది, వాయువు తగ్గలేదు, ఉష్ణోగ్రత నెమ్మదిగా ఎక్కుతూనే ఉంది. 15:31కి 47 డిగ్రీలు. అప్పటికి జాకెట్ అందుకుంది. 15:50కి 30, 16:10కి 12.

హుడ్ దగ్గర కుళ్లిన చేపల వాసన. ఆ వాసన నాకు తెలుసు. దాని గురించి ఆలోచించడానికి మాత్రం ఆ క్షణంలో తీరిక లేదు.

బ్యాచ్‌ను ముందుకు తీసుకెళ్లలేదు. 0 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ కింద, టొల్యూన్‌లో పలచన చేసిన ఐసోప్రొపనాల్‌ను చుక్కచుక్కగా వేస్తూ మిగిలిన హైడ్రైడ్‌ను చంపాం. నాలుగు గంటలు పట్టింది. వాయువు పూర్తిగా ఆగాక ఇథనాల్, ఆ తర్వాతే నీళ్లు. సరాసరి నీళ్లు పోసి క్వెంచ్ చేసేవాళ్లను చూశాను. చిన్న ఫ్లాస్క్‌లో వాళ్లను కాపాడేది వాళ్ల తెలివి కాదు, ఫ్లాస్క్ సైజు.

ఆ పదకొండు డిగ్రీలు ఎక్కడివి

మర్నాడు తెల్లబోర్డు ముందు కూర్చున్నాం. మొదట అందరి నోటా వచ్చిన మాట, “హైడ్రైడ్ పేరుకుపోయింది, వెచ్చబెట్టగానే ఒక్కసారిగా పనిచేసింది”. సబబే. కానీ అది మొత్తం కథ అవునో కాదో లెక్క చెప్పాలి.

చర్యలో పుట్టే వేడిని కొలిచే రియాక్షన్ కేలరీమీటర్‌లో చిన్న స్థాయిలో అదే పద్ధతి మళ్లీ చేశాం, ఈసారి వాయువు కొలిచే మీటర్ కూడా తగిలించాం. ప్రోటాన్ లాగే చర్యకు మోల్‌కు దాదాపు 90 కిలోజౌల్ వేడి. మా బ్యాచ్‌కు మొత్తం 450 కిలోజౌల్ దాకా. బ్యాచ్ బరువు 7 కిలోలు, దాన్ని ఒక డిగ్రీ వేడిచేయడానికి 14 కిలోజౌల్ కావాలి. అంటే వేడంతా బయటికి పోకుండా లోపలే ఉంటే 32 డిగ్రీలు పెరగాలి.

వాయువు మీటర్ చెప్పిన సంగతే అసలు దెబ్బ. 3 డిగ్రీల దగ్గర ఆఖరి వాయిదా వేసిన నిమిషానికి రావలసిన హైడ్రోజన్‌లో 40 శాతమే వచ్చింది. ఆ తర్వాత 2 గంటల 40 నిమిషాలు అదే చల్లదనంలో ఉంచితే ఇంకో 5 శాతం. బుడగలు దాదాపు కనబడవు. పని పూర్తయి ఆగలేదు, పని మధ్యలో నిలిచిపోయి ఆగింది. ఖనిజ నూనె డీఎంఎఫ్‌లో కలవదు. చలిలో ఆ నూనె రేణువుల చుట్టూ జిడ్డుగా పట్టి ఉంటుందని, దాని మీద కార్బజోల్ సోడియం లవణం పొరలా చేరుతుందని మా అంచనా. 18 డిగ్రీల దగ్గర ఆ పొర వదిలింది.

కిలో ల్యాబ్ బ్యాచ్‌లో కార్బజోల్ నుంచి రావలసిన హైడ్రోజన్ 25 డిగ్రీల దగ్గర 121 లీటర్లు. మేం “ఆగింది” అని రాసిన సమయానికి వచ్చింది 50 లీటర్లకు లోపే. ఎదురుగా నిలబడి బుడగలు చూశాం, ఒక్కరం కూడా లెక్కపెట్టలేదు.

ఇక మిగిలిన 55 శాతం వేడి: 250 కిలోజౌల్‌కు కాస్త తక్కువ. దాన్ని 14తో భాగిస్తే 18 డిగ్రీలు. 18 నుంచి మొదలుపెడితే 36 దగ్గర ఆగాలి. ఉష్ణోగ్రత గీతలో 15:24 దగ్గర చిన్న మడత కనబడుతుంది, సరిగ్గా 36 దగ్గరే. అక్కడిదాకా లెక్క గీతతో కలిసి నడిచింది. ఆ తర్వాతి 11 డిగ్రీలకు ఈ లెక్కలో చోటు లేదు. పైగా ఆ సమయంలో జాకెట్ ఎంతో కొంత చల్లబరుస్తూనే ఉంది. వేడి మరెక్కడి నుంచో వచ్చింది.

చేపల వాసన అప్పుడు గుర్తొచ్చింది. డైమిథైల్ అమీన్. 7 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం, మా రియాక్టర్‌లో ఎవరూ వేయనిది. డీఎంఎఫ్ విరిగితే వచ్చేది. బలమైన బేస్ ముందు డీఎంఎఫ్ డైమిథైల్ అమీన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా చీలుతుంది. సోడియం హైడ్రైడ్ విషయంలో ఇంకో అడుగు ఉంది: ప్రోటాన్ దొరకని చోట హైడ్రైడ్ అయాన్ డీఎంఎఫ్ కార్బొనిల్ మీదికే వెళ్లి దాన్ని క్షయకరణం చేస్తుంది, వేడి వదులుతుంది. పాఠాల్లో “దాడి చేయదు” అన్న ఆ అయానే.

కార్బన్ మోనాక్సైడ్ అని రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ పూట నలుగురం హుడ్ చుట్టూ చేరి లోపలికి తొంగిచూశాం. వాసన లేని విషవాయువు. హుడ్ బాగా లాగింది కాబట్టి సరిపోయింది. గదిలో దాన్ని పసిగట్టే డిటెక్టర్ అప్పటికి లేదు.

డీఎంఎఫ్ మీద అనుమానం రాగానే పాత కాగితాలు తిరగేశాను. కెమికల్ అండ్ ఇంజినీరింగ్ న్యూస్ పత్రికకు 1982లో పారిశ్రామిక కెమిస్టులు రాసిన ఉత్తరాల్లో ఇదే జంట ఉంది. పైలట్ ప్లాంట్‌లో ఒక బ్యాచ్ కూలింగ్‌కు లొంగకుండా 100 డిగ్రీలకు ఎగబాకిందని, పరీక్షలో 26 డిగ్రీల దగ్గరే వేడి పుట్టడం కనబడిందని రాశారు. 26 డిగ్రీలు! మా పద్ధతిలో “20–25 దగ్గర గంటసేపు తిప్పాలి” అని ఉంది. 2019లో ఆర్గానిక్ ప్రాసెస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చిన వ్యాసం డీఎంఎఫ్‌తో పాటు డీఎంఎస్‌ఓ, డైమిథైల్ ఎసిటమైడ్‌లను కూడా కలిపి, సోడియం హైడ్రైడ్‌తో మూడిటికీ పేలుడు ప్రమాదం ఉందని కొలిచి చూపించింది. డీఎంఎస్‌ఓ విషయం 1960ల నుంచే తెలిసినది. ఇంత తెలిసినా ఈ జంట ఎన్ని ప్రయోగ పద్ధతుల్లో ఇంకా మామూలుగా కనబడుతోందో చూస్తే విస్తుపోతాం. 50 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌లో ఏమీ కాదు, అందుకే బతికి బట్టకడుతోంది.

ఫ్లాస్క్‌లో ఎందుకు ఏమీ కాదు అన్నదానికి జవాబు జ్యామితిలో ఉంది. 100 మిల్లీలీటర్ల పాత్రతో పోలిస్తే 20 లీటర్ల పాత్రలో లీటరుకు దక్కే గోడ వైశాల్యం ఆరో వంతు. ఫ్లాస్క్‌లోనూ హైడ్రైడ్ పేరుకుపోయింది, అందులోనూ డీఎంఎఫ్ విరిగింది. కాకపోతే వేడి గోడల్లోంచి జారిపోయింది. ల్యాబ్‌లో పన్నెండుసార్లు సజావుగా జరిగిందంటే పన్నెండుసార్లూ ప్రమాదం జరిగి, పన్నెండుసార్లూ మనకు కనబడలేదని అర్థం.

కనబడలేదని ఎందుకంటున్నాను? కనబడింది. ల్యాబ్ బ్యాచ్‌ల క్రోమటోగ్రామ్‌లన్నిటిలో (శుద్ధత చూసే గ్రాఫుల్లో) ముందు భాగంలో ఒక చిన్న పీక్ ఉంది. 0.8 శాతం, 1.1, 1.5. నోట్‌బుక్‌లో పక్కన “తెలియని ఇంప్యూరిటీ, రీక్రిస్టలైజేషన్‌లో పోతుంది” అని ఉంది. పోయేది కూడా. దాన్ని అణువు బరువు చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపితే 136 అని వచ్చింది. డైమిథైల్ బెంజైల్ అమీన్. డీఎంఎఫ్ నుంచి ఊడిపడిన డైమిథైల్ అమీన్, మేం పోసిన బెంజైల్ బ్రోమైడ్‌తో కలిసి పుట్టిన బిడ్డ. ప్రమాదం జరిగిన బ్యాచ్ నుంచి క్వెంచ్‌కు ముందు తీసి పెట్టుకున్న కొద్దిపాటి నమూనాను బెంజైల్ బ్రోమైడ్‌తో కలిపి చూస్తే అదే పీక్ 14 శాతం.

ద్రావకం విరుగుతోందని ప్రతి బ్యాచ్ మాకు కాగితం మీద రాసిచ్చింది. దాన్ని శుద్ధత సమస్యగా చదివాం. ఇంప్యూరిటీని వదిలించుకోవడం ఎలా అని అడిగాం, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు. నా ఇరవై ఏళ్ల పనిలో నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసిన కాగితం అదే.

పాత డబ్బా, కొత్త డబ్బా

ఇప్పుడు ఆ ఒకటిన్నర రెట్ల కథ. పద్ధతి మొదట రాసిన కెమిస్టును అడిగితే, 1.1 రెట్లతో మొదలుపెట్టానని, చర్య పూర్తి కాలేదని, పెంచుకుంటూ పోతే 1.5 దగ్గర పూర్తయిందని చెప్పాడు. ఎందుకలా అంటే భుజాలెగరేశాడు.

ఆయన వాడిన డబ్బా ఇంకా డిసికేటర్‌లో, అంటే తేమ చేరకుండా దాచే పాత్రలో, ఉంది. తెరిచి చూస్తే బూడిద పొడి మధ్యలో తెల్లటి గడ్డలు. తెల్లగడ్డ అంటే గాలిలో తేమ తాగి సోడియం హైడ్రాక్సైడ్ అయిపోయిన భాగం. ఒక గ్రాము తూచి, ఆల్కహాల్‌తో చంపి, వచ్చిన హైడ్రోజన్‌ను బ్యూరెట్‌లో పట్టాం. 60 శాతం సరుకైతే గ్రాముకు 612 మిల్లీలీటర్లు రావాలి. 540 వచ్చింది. లేబుల్ మీద ఉన్నదానిలో 88 శాతమే ప్రాణంతో ఉంది. దానికి తోడు చల్లదనంలో నిలిచిపోయిన చర్య. ఈ రెండిటినీ కప్పిపుచ్చడానికి ఆ అదనపు హైడ్రైడ్.

కిలో ల్యాబ్‌కు వచ్చింది సీలు తీయని కొత్త డబ్బా. పాత డబ్బాకు కుట్టిన చొక్కా కొత్త డబ్బాకు తొడిగాం. కార్బజోల్ అంతా అయిపోయాక కూడా 2.48 మోల్ హైడ్రైడ్ మిగిలింది, దాని ముందున్న ఒకే ఒక్క ఆహారం డీఎంఎఫ్.

అప్పటి నుంచి డబ్బా తెరిచిన ప్రతిసారీ ఈ వాయువు పరీక్ష చేస్తున్నాం. పావుగంట పని. తెల్లగడ్డలు కనబడితే ఆ డబ్బా నేరుగా నాశనానికి పోతుంది.

తూచడం గురించి ఒక మాట. హెక్సేన్‌తో నూనె కడిగేసి పొడి హైడ్రైడ్ వాడే అలవాటు కొందరికి ఉంది, ప్రాడక్ట్‌లో నూనె చేరకూడదని. మేం మానేశాం. ఆ నూనే దానికి రక్షణ కవచం. కడిగిన పొడి తేమగాలిలో తానంతట తానే అంటుకోగలదు. నూనెను చివర్లో హెప్టేన్‌తో కడిగేసుకోవడం సులువు. ఇంకోటి, గరిటె తుడిచిన టిష్యూ. ఒకసారి ఎవరో దాన్ని మామూలు చెత్త డబ్బాలో పడేశారు, అరగంట తర్వాత ఇంకెవరో తడి గ్లవ్స్ దానిమీద వేశారు. అరచేతంత మంట, ఇసుక చల్లితే ఆరింది. రియాక్టర్ దగ్గర అన్ని జాగ్రత్తలూ తీసుకునే మనిషికి చెత్త డబ్బా దగ్గరకొచ్చేసరికి పని అయిపోయినట్టు అనిపిస్తుంది.

మార్చినవి

మొదట వచ్చిన సూచన పెద్ద చిల్లర్ కొనమని. నేను ఒప్పుకోలేదు. చలి ఇక్కడ మందు కాదు, రోగంలో సగం అదే. 3 డిగ్రీల దగ్గర హైడ్రైడ్ వేయడమంటే నిప్పు పెట్టకుండా కట్టెలు పేర్చడం. చర్య వెంటనే జరిగే ఉష్ణోగ్రతలో, వేడిని తీసేయగలిగినంత వేగంతోనే వేయాలి. అది డీఎంఎఫ్‌లో కుదరదు, ఎందుకంటే చర్య చురుగ్గా జరిగే ఉష్ణోగ్రతకూ డీఎంఎఫ్ విరిగే ఉష్ణోగ్రతకూ మధ్య మాకు కాలు పెట్టడానికి చోటు లేదు.

రెండో ఆలోచన ద్రావకాన్ని మార్చి హైడ్రైడ్‌ను ఉంచడం. టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) అనే ద్రావకంలో సోడియం హైడ్రైడ్ నీళ్లలో కలిపిన ముగ్గుపిండిలా తేలుతూ ఉంటుంది, ద్రావకం జోలికి పోదు. అందులోకి కార్బజోల్ ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతలో చుక్కలుగా వదిలితే, చుక్క ఆగితే చర్య ఆగుతుంది. హైడ్రైడ్ తప్పనిసరి అయిన చోట మేం ఇప్పుడు చేసేది ఇదే.

కానీ ఇక్కడ తప్పనిసరి కాదు. 20 పీకేఏ ఉన్న ప్రోటాన్‌ను లాగడానికి 35 ఎందుకు? పొటాషియం కార్బొనేట్‌తో ప్రయత్నించాం, 60 డిగ్రీల దగ్గర రోజంతా తిప్పినా సగం మిగిలింది. పొటాషియం టెర్ట్ బ్యూటాక్సైడ్ సరిపోయింది. టెర్ట్ బ్యూటనాల్ పీకేఏ డీఎంఎస్‌ఓలో 32, కార్బజోల్‌కు ఇప్పటికీ పన్నెండు అంకెల ఆధిక్యం. టీహెచ్‌ఎఫ్‌లో ద్రావణంగా దొరుకుతుంది కాబట్టి పంపుతో కొలిచి పంపొచ్చు. హైడ్రోజన్ అన్న మాటే లేదు. 10–15 డిగ్రీల దగ్గర 45 నిమిషాల్లో వేస్తే, కేలరీమీటర్ గీత పంపు గీతకు అద్దంలో నీడలా వచ్చింది: పంపు ఆపితే రెండు నిమిషాల్లో వేడి సున్నా. వేడి కూడా హైడ్రైడ్‌తో వచ్చినదానిలో సగం కన్నా తక్కువ. డైమిథైల్ బెంజైల్ అమీన్ పీక్ ఉండటానికి డీఎంఎఫే లేదు.

అలాగని టెర్ట్ బ్యూటాక్సైడ్ సాధువేమీ కాదు. దాని ఘన రూపం మీద అసిటోన్, క్లోరోఫామ్, డైక్లోరోమీథేన్ పడితే మండగలదు. రియాక్టర్ కడగడానికి అసిటోన్ వాడే చోట ఇది చాలా పెద్ద విషయం. కడిగే పద్ధతిని కూడా మార్చాల్సి వచ్చింది. టీహెచ్‌ఎఫ్‌కు పెరాక్సైడ్ పరీక్ష తోడైంది.

మిగతా మార్పులు చిన్నవి. వాయువు వచ్చే ప్రతి చర్యకూ బబ్లర్‌కు ముందు ఫ్లో మీటర్. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ రెండు హుడ్‌ల మధ్య. ప్రతి పద్ధతిలోనూ “ఇక్కడ ఆగొచ్చా, ఎంతసేపు” అన్న వరుస, దానికి జవాబు ల్యాబ్‌లో నిజంగా ఆగి చూసి రాయాలి. ఆ రోజు ఫన్నెల్ కారకపోయినా వేడి వచ్చేదే, 5 శాతం తేడా తప్ప. కానీ ఆగినంతసేపూ మాకు కలిగిన ధీమా ఉందే, అది ఆ వరుస ఉంటే కలిగేది కాదు.

బ్యాచ్ రికార్డులో “హైడ్రోజన్ ఆగింది” అన్న గడి తీసేశాం. ఆ చోట ఇప్పుడు రెండు గడులున్నాయి: రావలసిన లీటర్లు, వచ్చిన లీటర్లు. రెండూ పది శాతంలోపు కలవకపోతే తర్వాతి దశకు సంతకం పెట్టకూడదు. షిఫ్ట్ కెమిస్ట్ మొన్న ఒక బ్యాచ్‌ను ఆ గడి దగ్గర గంటన్నర ఆపాడు. మీటర్ గొట్టం లీకని తేలింది. నేనేమీ అనలేదు.

క్వెంచ్ చేసిన ఆ బ్యాచ్ నుంచి క్లోరోకార్బజోల్ 910 గ్రాములు తిరిగి దొరికింది. కడిగి, ఆరబెట్టి, శుద్ధత చూసి అట్టిపెట్టాం. టెర్ట్ బ్యూటాక్సైడ్‌తో కిలో ల్యాబ్‌లో వేసిన మొదటి బ్యాచ్‌కు దాన్నే వాడాం.